ఆర్మీ కాగితాల్లో మా అమ్మ పేరు బుల్లెమ్మ

నాన్న పోయిన నాలుగో రోజు సాయంత్రం ఆయన మిలిటరీ పెట్టె తాళం తీశాం. మా ఇంట్లో దాన్ని అందరూ అలాగే అంటారు. నల్ల రంగు వేసిన రేకు పెట్టె. మూత మీద తెల్ల అక్షరాలతో ఆయన సర్వీసు నంబరు, హోదా, పేరు. హోదా దగ్గర మొదట ‘నాయక్’ అని రాసి, తర్వాత దాని మీద నల్ల రంగు పూసి ‘హవల్దార్’ అని రాశారు. పెట్టెను ఏటవాలుగా వెలుతురులోకి తిప్పితే కింది అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. తాళంచెవి నాన్న జంధ్యంలా మెడలో వేసుకునే నల్లతాడుకు ఉండేది. దహనానికి ముందు తమ్ముడు దాన్ని తీసి అమ్మ చేతిలో పెట్టాడు. నాలుగు రోజులుగా అమ్మ దాన్ని గుప్పిట్లో నుంచి వదల్లేదు.

ఆ పెట్టె అంత తొందరగా తెరవాలని మాకెవరికీ లేదు. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి కాబట్టి అతనికి తెలిసిన విషయం ఒకటి చెప్పాడు. పింఛనుదారు పోయిన రోజు వరకే పింఛను. ఆ తర్వాత ఖాతాలో పడిన సొమ్ము తిరిగి కట్టాలి. అందుకని మరణాన్ని వెంటనే తెలియజేయాలి, ఆ ఖాతాలోంచి ఎవరూ డబ్బు తీయకూడదు. మరణ నమోదు ఊళ్లోనే పంచాయతీ కార్యాలయంలో అయిపోయింది. 21 రోజుల లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఇక కావలసినవి నాన్న డిశ్చార్జి బుక్, పింఛను చెల్లింపు ఉత్తర్వు, అంటే అందరూ పీపీఓ అనే కాగితం. అవి పెట్టెలో ఉన్నాయని అమ్మ చెప్పింది.

మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. ఆకుపచ్చ ఊలు స్వెటరు, దాని కింద రెండుగా మడిచిన రగ్గు, ఒక ఇత్తడి మగ్గు, గుడ్డసంచిలో పతకాలు, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన ఇన్‌లాండు కవర్ల కట్ట. అన్నిటికీ అడుగున ప్లాస్టిక్ కవరులో కాగితాలు. ఒక్క కాగితం అంచు కూడా నలగలేదు.

డిశ్చార్జి బుక్ నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నాన్న 1969లో, పందొమ్మిదేళ్ల వయసులో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారని, 1989లో హవల్దారుగా ఇంటికి వచ్చారని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. అందులో ఆయన ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ మోకాలి కింద మచ్చ, నడవడిక ‘ఆదర్శప్రాయం’ అన్న మాట, ఏయే పతకాలు ఇచ్చారో ఆ వివరం, చివర్లో కుటుంబ సభ్యుల పట్టిక. పట్టికలో నా పేరు ఎదురుగా పుట్టిన తేదీ 8 నవంబరు 1976 అని ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంటుంది. బడిలో చేర్పించిన రోజు పంతులుగారు వయసు సరిపోయేలా వేసిన తేదీ అది. నేను కార్తీకమాసంలో పుట్టానని అమ్మ చెబుతూనే ఉండేది కానీ తేదీ ఆమెకు గుర్తులేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో నా అసలు పుట్టినరోజు నాన్న పెట్టెలో దొరికింది. సైన్యంలో పెళ్లయినా బిడ్డ పుట్టినా వెంటనే యూనిట్ ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. దాన్ని పార్ట్ టూ ఆర్డర్ అంటారు. అంటే నేను పుట్టానన్న టెలిగ్రాం అందుకున్న నాన్న, ఎక్కడో కొండల్లో, ఆ తేదీని తీసుకెళ్లి రాయించారన్న మాట. అప్పటికి నన్ను చూడనైనా లేదు.

నా పేరుకు పై వరుసలో భార్య పేరు ఉంది. అది బుల్లెమ్మ.

తమ్ముడు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా అమ్మ పేరు సత్యవతి. ఆధార్‌లో, పాన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, రేషన్ కార్డులో, అయిదో తరగతి వరకు చదివిన బడి రికార్డులో అన్నిటా సత్యవతే. బుల్లెమ్మ అన్నది పుట్టింట్లో ముద్దుపేరు. తాతయ్య, అమ్మమ్మ, మేనమామలు అందరూ పోయాక ఆ పేరుతో పిలిచే మనిషి నాన్న ఒక్కరే మిగిలారు. పీపీఓ తీసి చూశాం. కుటుంబ పింఛనుకు అర్హురాలి పేరు దగ్గరా అదే ఉంది. 1974లో పెళ్లయ్యాక సెలవు నుంచి తిరిగి వెళ్లి, భార్య పేరేమిటని అడిగితే, తాను పిలిచే పేరే చెప్పారు నాన్న. ఇరవై ఏళ్ల సర్వీసులో, ముప్ఫై అయిదేళ్ల పింఛనులో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు పడింది.

“ఆ పేరే చెప్పారా?” అంది అమ్మ. నాలుగు రోజుల్లో ఆమె గొంతులో ఏడుపు లేకుండా వచ్చిన మొదటి మాట అది.

*

పెద్దకర్మ రోజున నాన్న గురించి నాలుగు మాటలు చెప్పమని బంధువులు నన్ను అడిగారు. నేను టీచరును. మాట్లాడటం వచ్చు. కానీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే రాయడానికి ఉన్నదంతా ఇంటి మనిషే. తెల్లవారుజామున అయిదింటికి గడ్డం గీసుకునే నాన్న. చెప్పులైనా సరే బోర్లించి దులపకుండా కాలు పెట్టని నాన్న. సైన్యం నుంచి వచ్చాక బ్యాంకులో తుపాకీ పట్టుకుని కాపలా ఉద్యోగం చేస్తూ, డ్యూటీ దిగాక పొలం నీళ్లు చూసుకుని, రాత్రి మా ఇద్దరి లెక్కలు దిద్దిన నాన్న. ఊళ్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచిన వాళ్లు తక్కువ. ‘మిలిటరీ ఆయన’ అంటే చాలు. ఆ మిలిటరీ ఆయన ఎవరో మాకు తెలియదు. అడిగితే, “ఏముందమ్మా, రోడ్లు వేశాం, వంతెనలు కట్టాం” అనేవారు.

ఆ మాట అబద్ధం కాదు. మద్రాస్ శాపర్లు అని కూడా పిలిచే నాన్న దళం, అంటే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, 1780 నుంచి ఉంది. కేంద్రం బెంగళూరులో, ఉల్సూరు చెరువు పక్కన. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్లు అక్కడే శిక్షణ పొందుతారు. ఒకరినొకరు ‘తంబి’ అనుకుంటారు. సైన్యంలో వాళ్లను తంబీలు అనే అంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు. ఇంటికొక సైనికుడు చొప్పున, రెండు ప్రపంచ యుద్ధాల నుంచీ పంపుతున్న ఊరు. అక్కడున్న మా పెదనానమ్మ ఇంటికి వేసవికి వెళ్లిన నాన్న, ఊళ్లో కుర్రాళ్లతో కలిసి భర్తీకి వెళ్లి, ఎంపికయ్యాక ఇంటికి కార్డు రాశారు. తాతయ్య ఏడాది పాటు మాట్లాడలేదట. ఈ కథ మాత్రం నాన్న నవ్వుతూ చెప్పేవారు. బెయిలీ వంతెన గురించీ చెప్పేవారు. ఒక్కొక్క ఇనుప చట్రం రెండున్నర క్వింటాళ్ల పైమాటే. ఆరుగురు కలిసి ఎత్తాలి. ఆరుగురిలో ఒక్కడు మాట తప్పినా మిగతా అయిదుగురి నడుములు పోతాయి అనేవారు. ‘బలం కాదమ్మా, మాట’ అని నేలకేసి చూపుడువేలు కొట్టి చెప్పేవారు. నా పిల్లలు ఆ మాట ఇప్పటికీ వాడతారు.

1971 గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పేవారు కాదు. గుడ్డసంచిలోని పతకాల్లో ఒకదాని పేరు పశ్చిమీ స్టార్. ఆ యుద్ధంలో పడమటి సరిహద్దులో పనిచేసిన వాళ్లకు ఇచ్చింది. దాని మీద వేలు పెట్టి తడిమితే నంబరు, ‘శాపర్’ అన్న హోదా, పేరు చెక్కి ఉన్నాయి. సిపాయి స్థాయిలో ఉన్నవాణ్ని ఇంజనీర్ల దళంలో శాపర్ అనే అంటారు. అక్షరాలు ఆవగింజంత. నాకు కళ్లద్దాలు పెట్టుకున్నా ఆనలేదు. నా కొడుకు చదివిపెట్టాడు. ఆ రాత్రి ఆ పతకాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను కానీ దాని గురించి రాయడానికి ఒక్క వాక్యం లేదు.

*

పెద్దకర్మ నాటి పొద్దున వేలూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. మనవడి భుజం పట్టుకుని నడుస్తున్నారు. బెజవాడలో రైలు దిగి, బస్సులో అవనిగడ్డ దాకా, అక్కడి నుంచి ఆటోలో మా ఊరికి. మండలంలోని మాజీ సైనికులు టోపీలు పెట్టుకుని వరుసగా నిలబడి నాన్న ఫొటోకు సెల్యూట్ చేస్తుంటే, ఆయన కర్ర మనవడికి ఇచ్చి ఆ వరుసలో చివర నిలబడ్డారు. చెయ్యి దించాక కూడా కదల్లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “నేను మీ నాన్న వెనక మనిషిని అమ్మా” అన్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని చెప్పారు. ఆయన తెలుగులో తమిళం, హిందీ కలిసిపోయి ఉన్నాయి. నేను విన్నది నా మాటల్లో రాస్తున్నాను.

1971 డిసెంబరు. శకర్‌గఢ్ రంగంలో బసంతర్ నది. నది దాటితే అవతల పాకిస్తాన్ సైన్యం పాతిన మందుపాతర్లు వందల గజాల మేర ఉన్నాయి. మన ట్యాంకులు దాటాలంటే ముందు దారి చెయ్యాలి. దారి చేసేది శాపర్లు. దున్నుకుంటూ పోయే ట్రాల్ ట్యాంకులు ఉన్నాయి కానీ అన్ని చోట్లా అవి సరిపోవు. మనిషి బోర్లా పడుకుని, చేతిలో సన్నని చువ్వతో నేలను వెతకాలి. చువ్వ నిటారుగా గుచ్చకూడదు. నిటారుగా గుచ్చితే పాతర నెత్తిన తగులుతుంది. బాగా ఏటవాలుగా, నేలకు ముప్ఫై డిగ్రీల్లో గుచ్చితే పక్కన తగులుతుంది. గట్టిగా ఏదైనా తగిలితే ఆగాలి. వేళ్లతో మట్టి తియ్యాలి. రెండంగుళాలు ముందుకు జరగాలి. మళ్లీ గుచ్చాలి. ట్యాంకును పేల్చే పాతర మనిషి బరువుకు పేలదు. కానీ వాటి మధ్య మనిషి కాలు తీసే చిన్నవి పెట్టి ఉంటాయి. మంచు, చీకటి, మీద ఫిరంగి గుండ్లు.

నాన్న ముందు పడుకుని వెతుకుతుంటే, ఈయన వెనక తెల్ల టేపు పరుస్తూ వచ్చారు. ఆ టేపుల మధ్యన ఉన్నదే దారి. పక్కకు జానెడు జరిగినా పూచీ లేదు. “నాకు కాళ్లు వణికాయి అమ్మా. నాకు ఇరవై నిండలేదు. మీ నాన్న వెనక్కి తిరగలేదు. నేలకేసి చూస్తూనే అన్నాడు, నా అడుగులోనే అడుగు వెయ్యి తంబీ, ఇంకేమీ చూడకు అని.”

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను.

వానాకాలంలో మా పొలం గట్టు మీద నడిచేటప్పుడు నాన్న ముందు నడిచేవారు. తమ్ముడు, నేను వెనక. గట్టు జారుతుందని అనుకునేదాన్ని. పాములుంటాయని అనుకునేదాన్ని. “నా అడుగులోనే అడుగు వెయ్యమ్మా” అనేవారు. మాట సరిగ్గా అదే. ఆయన అడుగు పెద్దది కావడంతో నేను గెంతుతూ వెళ్లేదాన్ని. వెనక్కి తిరిగి చూసేవారు కాదు. నా అడుగు చప్పుడు వింటూ నడిచేవారు. నేను ఆగితే ఆగేవారు.

ఇంకొకటి కూడా ఆ క్షణంలోనే తెలిసింది. పెరట్లో నాన్న ఏటా చిలగడదుంప తీగ నాటేవారు. దుంపలు తవ్వే రోజున గునపం, పార ముట్టుకోనిచ్చేవారు కాదు. పాత గొడుగు కడ్డీ ఒకటి ఉండేది. దాన్ని పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలోకి ఏటవాలుగా, నెమ్మదిగా గుచ్చేవారు. తగలకపోతే రెండు వేళ్ల వెడల్పు జరిగి మళ్లీ గుచ్చేవారు. తగిలిందా, కడ్డీ పక్కన పెట్టి వేళ్లతో మట్టి తీసి, దుంపను చుట్టూరా విడిపించి, రెండు చేతులతో పైకెత్తేవారు. ఒక్క దుంపకు గాటు పడేది కాదు. నేను పక్కన కూర్చుంటే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని, ఎందుకంటే ఆయనా ఊపిరి బిగబట్టేవారు. దుంపలు తవ్వే పద్ధతే అది అనుకున్నాను. పెళ్లయి వెళ్లాక అత్తగారింట్లో పార వేసి ఫెళ్లున తవ్వుతుంటే నాకు గుండె ఝల్లుమంది. కారణం ఆ రోజు తెలియలేదు.

డిసెంబరు 16 అంటే అందరికీ ఢాకాలో లొంగుబాటు గుర్తుకొస్తుంది. పుస్తకాల్లో ఆ ఫొటోనే ఉంటుంది. అదే రోజున బసంతర్ దగ్గర ఇంకా మనుషులు చనిపోతూనే ఉన్నారు. పదిహేడో తేదీ రాత్రికి గానీ పడమట కాల్పులు ఆగలేదు. దారి పూర్తి కాకముందే, ఎదురుదాడి మీద పడుతోందని తెలిసి, 17 హార్స్ అనే దళం ట్యాంకులు మందుపాతర్ల మధ్య నుంచే దూసుకెళ్లాయి. ఆ ట్యాంకుల్లో ఒకదానిలో ఉన్న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ వయసు ఇరవై ఒకటి. ఆ రోజే ప్రాణం ఇచ్చారు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. దారి చేయిస్తూ అక్కడే చనిపోయిన ఇంజనీర్ల దళం అధికారి మేజర్ విజయ్ రతన్ చౌదరికి మహావీర చక్ర ఇచ్చారు. ఈ పేర్లు మా పాఠశాలలో పిల్లలకు చెప్పాలని నేను నిర్ణయించుకున్నాను, చెబుతున్నాను కూడా. నాన్న వయసూ అప్పటికి ఇరవై ఒకటే.

ఆ పెద్దాయన వెళ్లేటప్పుడు నాన్న ఫొటో ముందు నిలబడి, “వస్తాను తంబీ” అన్నారు. నేను రాసుకున్న నాలుగు మాటల కాగితం ఆ సాయంత్రం చదవలేదు. ఆయన చెప్పింది చెప్పి కూర్చున్నాను.

*

ఇక పింఛను సంగతి. ఇలాంటి ఇళ్లు మన జిల్లాల్లో చాలా ఉంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇప్పుడు సైనిక పింఛన్లు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో, ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలో పడతాయి. మరణం గురించి అందులోనే తెలియజేయవచ్చు. మరణ ధ్రువపత్రం జతచేస్తే నాన్న పింఛను ఆగింది. అంతవరకు సులువే. అమ్మ పేరు మీద కుటుంబ పింఛను మొదలు కావాలంటే పీపీఓలో ఉన్న పేరు, ఆధార్, పాన్, బ్యాంకు పేరు ఒకటే కావాలి. మాకు ఒకటి కాదు.

మొదట వెళ్లిన చోట ఒక గుమాస్తా, “ఈవిడే ఆవిడ అని రుజువేమిటి?” అని అడిగాడు. అడగడం తప్పు కాదు, అతని పని అది. కానీ యాభై ఏళ్లు కాపురం చేసి పన్నెండు రోజుల క్రితం బొట్టు తీసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తలెత్తకుండా అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు. బయటికి వచ్చాక, “మీ నాన్నగారు ఉంటే చెప్పేవారు” అంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమని మండల మాజీ సైనికులు చెప్పారు. అక్కడున్న ఒక విశ్రాంత సుబేదారు గారి రుణం మేం తీర్చుకోలేం. ఆయన మొదట చేసిన పని అమ్మకు కుర్చీ వేయించి మంచినీళ్లు తెప్పించడం. తర్వాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి, నాన్న డిశ్చార్జి బుక్‌ను రెండు చేతులతో అందుకుని చదివారు. “మా అమ్మ పేరు కూడా రికార్డులో ఇంకొకటమ్మా. మా నాన్న కూడా అంతే చేశాడు” అన్నారు. ఆ కాలంలో చేరిన వాళ్లలో చాలామంది ఇంట్లో పిలిచే పేర్లే రాయించారట.

చేయవలసింది ఆయన వరుసగా చెప్పారు. సత్యవతి, బుల్లెమ్మ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం. దానికి నోటరీ. ఊళ్లో తెలిసిన ఇద్దరు పెద్దల వాంగ్మూలం. అమ్మానాన్నలు కలిసి ఉన్న ఫొటో. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం నకళ్లు. వాటన్నిటికీ సంక్షేమ కార్యాలయం ధ్రువీకరణ చేసి నాన్న దళపు రికార్డుల కార్యాలయానికి పంపుతుంది. అక్కడ సర్వీసు కాగితాల్లో సరిచూసుకుని పేరు సవరిస్తారు. దాని మీద సవరణ పీపీఓ వస్తుంది. ఆ తర్వాతే పింఛను. సాధారణ కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతం లెక్కన ఉంటుంది. వైద్యానికి ఉన్న ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు కూడా అమ్మ పేరు మీదికి మార్పించుకోవాలని ఆయనే గుర్తుచేశారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అమ్మ దగ్గర. ప్రమాణపత్రం టైపు చేయించి తెచ్చి చదివి వినిపించాను. ‘సైనిక రికార్డుల్లో పొరపాటున బుల్లెమ్మ అని నమోదైంది’ అని ఉంది. అందరూ రాసేది అలాగే. అమ్మ సంతకం పెట్టలేదు.

“పొరపాటెందుకవుతుంది? ఆయన తెలిసే చెప్పారు” అంది.

అది ఒట్టి మాటే కదమ్మా, పని జరగడానికి రాస్తారు అన్నాను. తమ్ముడు ఫోనులో నచ్చజెప్పాడు. వినలేదు. పొద్దు వాలే వేళకు మిలిటరీ పెట్టెలోని ఇన్‌లాండు కవర్ల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎప్పుడూ ఎవరికీ చూపించని ఉత్తరాలవి. చిరునామా వైపు ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అన్న ముద్ర. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఎక్కడ ఉన్నారో ఉత్తరంలో రాయకూడదు కాబట్టి అన్ని చోట్ల నుంచీ ఆ ఒక్క చిరునామానే. ప్రతిదీ ‘చి.సౌ. బుల్లెమ్మకు’ అని మొదలవుతుంది. ‘పాపకు పళ్లు వచ్చాయా, ఎన్ని వచ్చాయో రాయి’ అని ఒకదాంట్లో. ‘మనియార్డరు అందగానే ముందు కిరాణా బాకీ తీర్చు’ అని ఇంకొకదాంట్లో. ‘దివాణం వారి బావి నీళ్లే పట్టించు, చెరువు నీళ్లు పాపకు వద్దు’ అని మరొకదాంట్లో. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో, పది నెలలు ఆ చిరునామాలో బతికిన మనిషి ఇల్లు నడిపింది ఆ కాగితాల మీదే.

ఆ రాత్రి అమ్మ ఉప్పెన సంగతి చెప్పింది. నాకు కొంత తెలుసు, అంతా తెలియదు. నేను పుట్టిన ఏడాదికి గానీ నాన్నకు ఇంటికి రావడం కుదరలేదు. 1977 నవంబరులో వచ్చి మొదటిసారి నన్ను ఎత్తుకున్నారు. వారం తిరక్కుండానే, పందొమ్మిదో తేదీన, దివిసీమ ఉప్పెన. మాది సముద్రానికి ఎగువన ఉన్న ఊరు. కెరటం మా దాకా రాలేదు కానీ గాలికి ఇంటి కప్పు లేచిపోయింది. మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నాన్న ఆ మిలిటరీ పెట్టెలోని సామానంతా తీసేసి, మూత ఊడబెరికి, అడుగున రగ్గు పరిచి నన్ను అందులో పడుకోబెట్టారు. పెట్టెను ధాన్యపు గాదె మీదికెక్కించి తాడుతో కట్టి, తెల్లారేదాకా దాని పక్కన నిలబడ్డారట. తెల్లారాక నన్ను అమ్మకు అప్పగించి కోడూరు వైపు వెళ్లారు. వేలమంది పోయారు. మిగిలిన సెలవంతా శవాలను తీయడం, దారులు విడిపించడమే. రోజూ రాత్రి వచ్చి, నూతి దగ్గరే స్నానం చేసి, నన్ను ముట్టుకోకుండా దూరం నుంచి చూసి పడుకునేవారట. “ఆ చేతులతో పాపను ఎత్తుకోను బుల్లెమ్మా అనేవారు” అంది అమ్మ. సెలవు అయిపోయి బయలుదేరిన పొద్దున మాత్రం ఎత్తుకున్నారట.

పెట్టె మూత బందులు ఎందుకు కొత్తవో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు సుబేదారు గారికి ఫోను చేసి, అమ్మ ఒప్పుకోవడం లేదని చెప్పాను. విసుక్కుంటారేమో అని భయపడ్డాను. కాసేపు ఊరుకుని, “అమ్మగారు చెప్పింది నిజమే. పొరపాటు అన్న మాట తీసేసి రాయించండి. రెండు పేర్లూ ఆమెవే అని రాస్తే చాలు. కావలసింది మనిషి ఒకరే అన్న రుజువు” అన్నారు. ‘నన్ను పుట్టింటివారు, నా భర్త బుల్లెమ్మ అని పిలిచేవారు. బడిలోను, ఇతర రికార్డుల్లోను నా పేరు సత్యవతి. ఈ రెండు పేర్లు నావే’ అని తిరగరాయించాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని స్వయంగా చదువుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా తిప్పుతూ సంతకం పెట్టింది. ఇద్దరు సాక్షుల్లో ఒకరు కరణం గారి అమ్మాయి, తొంభై ఏళ్లావిడ. అమ్మను చిన్నప్పుడు బుల్లెమ్మ అని పిలిచిన వాళ్లలో బతికి ఉన్న ఒకే మనిషి. మరచిపోయాం, ఆమె ఉందని.

కాగితాలు వెళ్లాయి. ఒకసారి ఫొటో సరిగా లేదని తిరిగొచ్చాయి. మళ్లీ పంపాం. అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలు తమ్ముడు పంపిన డబ్బును అమ్మ ఒక పుస్తకంలో రాసి పెట్టింది, తిరిగి ఇస్తానని. నాన్న మనియార్డర్లకు రాసిన పుస్తకమే అది. వెనక పేజీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఆషాఢంలో సవరణ పీపీఓ వచ్చింది. బకాయిలతో సహా పింఛను ఖాతాలో పడినట్టు నా ఫోనుకు సందేశం వచ్చింది. డబ్బు ఎంతో అమ్మ అడగలేదు. “పేరు ఎలా వేశారు?” అంది. కాగితం ప్రింటు తీయించి తీసుకెళ్లాను. ‘సత్యవతి అలియాస్ బుల్లెమ్మ’ అని ఉంది. చదివాను.

“అలియాస్ అంటే?”

“ఇంకో పేరు అని అమ్మా.”

కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఆ వరుస మీద వేలు పెట్టి, రెండుసార్లు అటూ ఇటూ నడిపించింది.

“ఇంకో పేరు బుల్లెమ్మ కాదే. సత్యవతి” అంది.

మెడలోని నల్లతాడు పైకి లాగి, తాళంచెవితో మిలిటరీ పెట్టె తెరిచి, ఇన్‌లాండు కవర్ల కట్ట కింద ఆ కాగితం పెట్టి, మళ్లీ తాళం వేసింది.